చీర తెమ్మంటే ఫోను తెచ్చారు

మా దుకాణానికి వచ్చే ఆడవాళ్లు చీర తేవడం మానేశారు. ఫోను తెస్తున్నారు. బ్యాగులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టి, "అక్కా, గీ చీరకు జాకెట్ ముక్క కావాలె" అంటారు. చీర ఏదమ్మా అంటే మళ్లీ ఆ ఫోనునే నా ముఖం ముందుకు జరుపుతారు. ఒళ్లు మండిపోతుంది నాకు. అరచేతిలో పట్టే తెర, అందులో ఎవరో మంచం మీద పరిచి తీసిన ఫొటో, సగం చీర మీద ఫ్యాను నీడ. దానికి మేము రంగు కలపాలట.

మాది మ్యాచింగ్ సెంటర్. వరంగల్ చౌరస్తా దాటి లోపలికి తిరిగిన సందులో ఉంటుంది. మేము చీరలు అమ్మం. చీరకు సరిపడే జాకెట్ ముక్క, లైనింగు, ఫాలు, లంగా బట్ట అమ్ముతాం. వినడానికి ఇదేం గొప్ప పని అనిపిస్తుంది. చిలకపచ్చకూ మామిడిపిందె పచ్చకూ తేడా తెలియనివాడు, రాణి రంగు అడిగితే దోరజామ రంగు తీసేవాడు మా దుకాణంలో ఒక్క పూట కూడా నిలబడలేడు. మూడు గోడల నిండా బట్టల తాన్లే. గల్లా పక్కన ఎత్తు స్టూలు మీద మా ఆయన కూర్చుంటాడు. చీర కొంగు ఒక్కసారి చూసి, చెయ్యి చాపి తాను లాగుతాడు. వెతకడు, రెండోది తీయడు. ఆ తాను కొంగు మీద పరిస్తే అంచు ఎక్కడ ముగిసిందో, ముక్క ఎక్కడ మొదలైందో కనిపించేది కాదు. పరకాల నుంచి బస్సెక్కి మరీ ఆయన చేతి కోసమే వచ్చేవాళ్లు.

ముక్క కోసే ముందు గడప దాకా వెళ్లి ఎండకు పట్టి చూసుకోవడం మా దగ్గర పాత అలవాటు. ట్యూబులైటు ఎంతటి రంగునైనా మార్చేస్తుంది. అందుకని చీర, తాను రెండూ పట్టుకుని వెలుతురులోకి వెళ్లి, అటు తిప్పి ఇటు తిప్పి, పక్కన ఉన్నవాళ్లను కూడా అడిగి, అప్పుడు "కొయ్యి" అంటారు. ఇప్పుడేమయింది? ఆ అలవాటు పోలేదు, చీర మాత్రం పోయింది. ఒక చేత్తో తాను, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని గడపలోకి వెళ్లి ఎండకు పడతారు. ఎండలో ఫోను తెర మీద వాళ్ల ముఖమే కనబడుతుంది. అయినా కళ్లు చికిలించి కాసేపు చూసి, "ఆ, కలిసిందక్కా" అంటారు. దేనితో కలిసిందో నాకైతే తెలియదు.

దుకాణం అన్నదమ్ములిద్దరిదీ. మా ఆయన చిన్నవాడు. మా బావ, అంటే మా ఆయన అన్న, గల్లా మీద కూర్చుంటాడు. తాను పెద్దవాడు కాబట్టి తన తెలివి కూడా పెద్దదేనని ఆయన గట్టి నమ్మకం. ఒకరోజు ఒక పాత ట్యాబు కొనుక్కొచ్చి బల్ల మీద నిలబెట్టాడు. ఊళ్లలో ఉన్నవాళ్లు చీర ఫొటో పంపితే చాలట, మా ఆయన ఆ ట్యాబులో చూసి ముక్క కోస్తాడట, బస్సులో పార్సిలు వేస్తే సాయంత్రానికి వాళ్ల ఊరు చేరుతుందట. "చీర మోసుకొచ్చే పని లేదు, అందరికి సుఖం" అన్నాడు. అవును, అందరికీ సుఖమే. కలపాల్సినవాడికి తప్ప.

వాపసులు మొదలయ్యాయి. మా దుకాణంలో అంతకు ముందు వాపసు అన్న మాటే వినలేదంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది కానీ, పెద్దగా వినలేదన్నది నిజం. ఇప్పుడు వారం తిరగకుండానే పార్సిళ్లు వెనక్కి వస్తున్నాయి. "కలువలే అక్కా." "అసలు కలువలేదమ్మా." "మీ సారు మంచిగ చూడలేదా ఏంది?" ఆ చివరి మాట అన్నదాన్ని ఫోనులోనే కడిగేశాను. మంచిగా చూడడానికి నువ్వేం పంపావే తల్లీ, చీర పంపావా?

మా బావ ఆ వాపసు ముక్కలన్నీ ఒక అట్టపెట్టెలో వేస్తూ వచ్చాడు. పెట్టె నిండింది. ఒకరోజు మధ్యాహ్నం దాన్ని కాలితో బల్ల ముందుకు నెట్టి మా ఆయనతో, "తమ్మీ, బతుకమ్మ దాక చూస్త. గప్పటికి గూడ గిట్లనే ఉంటే నువ్వు లోపట కూసొని లైనింగ్లు కొయ్యి. గీ స్టూలు మీద మా బామ్మర్దిని కూసోబెడ్త" అన్నాడు. ఆ రోజు మా ఆయన కోసం ఇంటి నుంచి తెచ్చిన టిఫిను డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగి వచ్చింది.

ఆ బామ్మర్ది ఎవరో చెప్పాలి. మా తోడికోడలి తమ్ముడు. ఏ పనీ కుదరక రోజూ మధ్యాహ్నం మా దుకాణానికి వచ్చి, ట్యాబు పక్కన కుర్చీ వేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని నవ్వుకుంటూ కూర్చునే మనిషి. మెంతిరంగు తీయమంటే గంధం రంగు తీస్తాడు. "రెండు ఒకటే కదక్కా" అంటాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రంగుల్లోనే బతికిన మా ఆయనను లేపి, వీణ్ని ఆ స్టూలు మీద కూర్చోబెడతారట. నేను బతికుండగా జరగదనుకున్నాను. తప్పు మా ఆయన కంటిది కాదు, ఫోన్లదని మా బావ చేతనే అనిపించాలి. అదొక్కటే నాకు పట్టుకుంది.

ఫోన్ల సంగతి నేర్చుకోవాలని నాకేమీ సరదా లేదు. మిక్సీ పాడైతేనే విప్పి చూడను నేను. కానీ వచ్చిన ప్రతి ఫోనునూ చేతిలోకి తీసుకుని చూడడం మొదలుపెట్టాక తెలిసింది, వీళ్లలో ఒక్కరి ఫోను కూడా సరిగ్గా లేదని. సరిగ్గా లేదన్న సంగతి వాళ్లకు తెలియదని కూడా.

హసన్‌పర్తి నుంచి ఒకావిడ వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుందట. ఫోనులో చీర చూపించి "యాష్ కలర్" అంది. మా ఆయన మంచి బూడిద రంగు ముక్క తీసి ఇచ్చాడు. మళ్లీ వారం చీర పట్టుకుని వచ్చి మా మీద అరిచింది. చీరేమో నిగనిగలాడే వంగపండు రంగు. ఫోను ఇలా తెమ్మని లాక్కుని చూశాను. ఫోను మొత్తం నలుపు తెలుపులో ఉంది. రాత్రి పడుకునే వేళకు రంగులు తీసేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఈవిడ దాన్ని నొక్కి పగలూ రాత్రీ అలాగే ఉంచుకుంది. ఆ ఫోనులో ఆవిడ మొగుడు బూడిద రంగు, పిల్లలు బూడిద రంగు, తిన్న బిర్యానీ బూడిద రంగు. అనుమానం రాలేదా అమ్మా అని అడిగితే, "లేదక్కా, గట్ల క్లాసుగ ఉన్నదనుకున్న" అంది. ఆవిడ చేతి కింద చదివే పిల్లలను తలుచుకుని జాలిపడ్డాను.

పరకాల ఆవిడది ఇంకో కథ. ఆమె ఫోనులో అంతా పసుపే. కళ్లకు హాయిగా ఉంటుందని నైట్ లైటు వేసుకుంది, తెర పైన ఎప్పుడో అతికించిన గార్డు పచ్చబడి పెచ్చులు లేస్తోంది. తెల్ల చీర ఆ ఫోనులో పసుపు బట్టలా కనిపిస్తుంది. "కండ్లకు మంచిదని మా ఆయన పెట్టిండు" అని మురిసిపోయింది. "కండ్లకు మంచిదే చెల్లె, జాకెట్టుకు కాదు" అన్నాను. గార్డు ఊడబీకి, నైట్ లైటు తీసేసి చూపిస్తే, "అయ్యో, గిట్ల తెల్లగ కండ్లల్ల కొడ్తాంది, మల్ల పెట్టియ్యి అక్కా" అంది. పెట్టి ఇచ్చాను. ఏం చేస్తాం.

ధర్మసాగర్ నుంచి వచ్చిన పిల్లను మాత్రం జీవితంలో మరిచిపోను. చీర, ఫోను రెండూ తెచ్చింది. అబ్బా, ఒకరైనా బుద్ధిమంతురాలు దొరికిందనుకున్నాను. చీర ఉల్లిపొర రంగు. ఫోనులో అదే చీర రాణి రంగులో భగభగ మండుతోంది. అమ్మేటప్పుడే అన్ని రంగులూ రెట్టింపు చేసి పెడతారు ఫోన్లలో, దానికి వివిడ్ అని పేరు. ఆ అమ్మాయి చీర వైపు ఒకసారి, ఫోను వైపు ఒకసారి చూసి, "ఫోన్ల ఎంత మంచిగుండె" అని నిట్టూర్చింది. మా ఆయన చీరకు కలిపిన ముక్క వద్దంది. ఫోనుకు కలపమంది. కలిపి ఇచ్చాడు. పెళ్లిలో ఆ జాకెట్టు వేసుకుని ఫొటో దిగి ఉంటుంది, ఆ ఫొటోలో రెండూ కలిసే ఉంటాయి. ఇంక నాకెందుకు?

ఇంకొకామె చీరకు ఆకుపచ్చ అంచు ఉందని పట్టుబట్టింది. ఫోనులో నిలువునా సన్నని ఆకుపచ్చ గీత. ఆ గీత చీర మీదా ఉంది, చీర పక్కనున్న గోడ మీదా ఉంది, వాట్సప్ తెరిచినా ఉంది. డిస్‌ప్లే పోయి పడిన గీతను అంచనుకుంది మహాతల్లి. మరొకామె తాను కొసను తీసి ఫోను తెర మీద పరిచి, కింది నుంచి చీర ఏమైనా కనబడుతుందేమోనని వంగి చూసింది. మా ఆయన అప్పుడు నవ్వాడు. స్టూలు మాట వచ్చాక ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టాను. ఫోను తెచ్చినవాళ్లు ముందు నా ముందు నిలబడాలి. నైట్ లైటు తీసేయడం, వివిడ్ తీసి మామూలు రంగులు పెట్టడం, వెలుతురు పూర్తిగా పెంచడం, కొంగుతో అద్దం తుడవడం, ఇవన్నీ అయ్యాకే మా ఆయన ముందుకు పోవాలి. ఇవి ఎక్కడెక్కడ ఉంటాయో తెలుసుకోవడానికి వీడియోలు చూశాను. ఆ వీడియోలు చేసేవాళ్లు ఇంకో జాతి. "హాయ్ ఫ్రెండ్స్" అని మొదలుపెట్టి, వాళ్ల ఛానెలు గురించి చెప్పి, మన ఫోనులో రంగులు తేడాగా వస్తే ఎంత బాధగా ఉంటుందో చెప్పి, చిట్టచివరకు ఫోను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. ఆ మాత్రం చెప్పడానికి మనిషి అవసరమా?

ఇంత చేసినా వాపసులు ఆగలేదు. తగ్గాయి, ఆగలేదు. అప్పుడు నా చూపు మా బావ ట్యాబు మీద పడింది. ఊళ్ల నుంచి వచ్చే ఫొటోలన్నీ మా ఆయన చూసేది అందులోనే కదా. దగ్గర పెట్టుకుని చూస్తే తెర నీలంగా ఉంది. తెల్లగా ఉండాల్సిన చోట నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంది. పట్టుకున్నానురా దొంగను అనుకున్నాను.

మా సందు మొగలో సెల్‌ఫోను రిపేరు దుకాణం ఒకటి ఉంది. బోర్డు మాత్రం గోడంత. ట్యాబు తీసుకెళ్తే ఆ రిపేరు చేసే ఆయన దాన్ని ఒకసారి తిప్పి చూసి, వేలితో కొట్టి, "డిస్‌ప్లే పోయిందక్కా, అద్దంతో సహా మొత్తం కాంబో మార్చాలె" అన్నాడు. మార్చాడు. పనిలో పనిగా ఫార్మాటు కూడా కొట్టాడట. తెల్లగా వచ్చింది. రెండ్రోజులు గడిచాయో లేదో మళ్లీ నీలం. పట్టుకెళ్తే కొత్త డిస్‌ప్లేలో లోపం అన్నాడు. కాసేపటికి సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఇంకాసేపటికి మీ దుకాణంలో చెమ్మ ఉందేమో అన్నాడు. చెమ్మ ఉంటే నా తాన్లకు బూజు పట్టదా? తెలియదు అన్న ఒక్క మాట ఆ మనిషి నోట రాలేదు. అంత చదువు ఎక్కడ చదివాడో మరి.

చివరకు నేనే కనుక్కున్నాను. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద రంగు మార్చుకునే గీత ఒకటి ఉంది. గీత మీద ఒక చుక్క. చుక్కను ఒక కొసకు లాగితే తెర పసుపు అవుతుంది, ఇంకో కొసకు లాగితే నీలం అవుతుంది. మా ట్యాబులో ఆ చుక్క నీలం కొసకు అంటుకుపోయి ఉంది. మధ్యకు తెచ్చాను. తెర తెల్లబడింది. ఇంతే! దీనికి ఆ గోడంత బోర్డువాడు కాంబో మార్చాడు.

మర్నాడు సాయంత్రం చూస్తే చుక్క మళ్లీ నీలం కొసన ఉంది. మళ్లీ మధ్యకు తెచ్చాను. మళ్లీ వెళ్లింది. చుక్క తనంతట తాను నడవదు కదా. ఎవరో జరుపుతున్నారు. ఎవరు జరుపుతున్నారో ఆలోచించే పని కూడా లేకపోయింది నాకు. రోజూ మధ్యాహ్నం ఆ ట్యాబును ఆనుకుని కూర్చునేది ఎవరు? మా ఆయన చేతి నుంచి తప్పు ముక్కలు పోతే స్టూలు దక్కేది ఎవరికి? చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎందుకు నవ్వుతున్నాడో అప్పుడు అర్థమైందనుకున్నాను. ఛీ, ఎంత నీచుడనుకున్నాను. వాడికి ఇచ్చే టీ మానేశాను.

ఆ రోజుల్లోనే ఒక పెద్దావిడ వచ్చింది. ఫోను లేదు, ఏమీ లేదు, చీరే తెచ్చుకుని మా ఆయన చేతి మీదుగా ముక్క తీసుకుపోయిన మనిషి. "బిడ్డా, నీలం అడిగితే నలుపు ఇచ్చిండు" అని బల్ల మీద పెట్టింది. "ట్యూబులైటు కింద చూసినవా పెద్దమ్మా, ఎండకు చూసినవా?" అన్నాను. "ఎండకే చూసిన." "అయితే నీ కండ్లు ఒకసారి దవాఖానల చూపిచ్చుకో" అన్నాను. ఆవిడ నా ముఖం వైపు కాసేపు చూసి, ముక్క మార్చుకుని పోయింది. ఫోన్లతోనే తల పగిలిపోతుంటే వీళ్లొకరు అనిపించింది నాకు.

బతుకమ్మకు వారం ముందు పంచాయితీ పెట్టాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక బేరాలు కాస్త సన్నగిల్లే వేళ. మా బావ గల్లా మీద ఉన్నాడు, మా ఆయన స్టూలు మీద ఉన్నాడు, ఆ బామ్మర్ది కుర్చీలో ఉన్నాడు. వాడి చెవుల్లోంచి వైర్లు తీయించాను. గంధం రంగు చీర ఒకటి బల్ల మీద పరిచాను. దాని ఫొటో ట్యాబులో పెట్టాను. చుక్క నీలం కొసనే ఉంది, నేను ముట్టుకోలేదు.

"బావా, జర చూడు. చీర ఎట్లున్నది? గిండ్ల ఎట్లున్నది?"

మా బావ కళ్లజోడు సవరించుకున్నాడు. "గంధం చీర తెల్లగ కనబడ్తాంది. నీలం కొడ్తాంది."

చుక్కను మధ్యకు తెచ్చాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు బరాబరున్నది."

"మరి గిది చూసి ముక్క కోస్తే ఎట్ల కలుస్తది? నెలల సంది ఎవలో గీ చుక్కను రోజు జరుపుతాన్రు. నేను మధ్యకు తెస్తే మల్ల జరుపుతాన్రు. మీ తమ్మునికి పేరు ఖరాబ్ జేసుడు తప్ప దీని వెనక ఇంకేమన్న ఉన్నదా?" అని, ఎవరి వైపు చూడాలో వాడి వైపే చూశాను.

వాడు కుర్చీలోంచి లేచాడు. "దేవుని తోడు అక్కా, నేను దాన్ని ముట్టలే. నాకు నా ఫోనున్నది, ఆ డొక్కు ట్యాబు నాకెందుకు?"

"ఎందుకో నీకే ఎర్క" అన్నాను.

మా బావ వాడిని ఒకసారి, ట్యాబును ఒకసారి, అట్టపెట్టెను ఒకసారి చూశాడు. ఆయన తన తప్పు ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. గొంతు సవరించుకుని, "అయితే తమ్మునిది తప్పు లేదన్నట్టు. నేనే తొందరపడ్డ. కూసో తమ్మీ, నీ జాగల నువ్వే కూసో, ఎవ్వలు రారు" అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది. ఆ సందులో ఉన్న ఫోన్లన్నీ, ఫోన్లు పట్టుకున్న వాళ్లందరూ నా కాళ్ల కింద ఉన్నట్టనిపించింది.

మా ఆయన ఆ మాటలేవీ విన్నట్టు లేదు. స్టూలు మీద నుంచే ట్యాబు వైపు వంగి చూస్తున్నాడు.

"గదేంది, మల్ల పచ్చగ చేసినవ్?" అన్నాడు నాతో.

"ఏది పచ్చగ?"

"తెర. పాతదైంది కదా, పసుపు కొడ్తాంది. రోజు నేను మంచిగ చేస్తాన, రోజు ఎవలో ఖరాబ్ చేస్తాన్రు." అంటూ చెయ్యి చాపి, సెట్టింగ్స్ తెరిచి, వేలితో ఆ చుక్కను పట్టుకుని నెమ్మదిగా నీలం కొసదాకా లాగాడు. కొంచెం వెనక్కి తెచ్చి, మళ్లీ లాగాడు. తాను మడత సరిచేసేటప్పుడు ఎంత శ్రద్ధగా ఉంటాడో అంత శ్రద్ధగా. "గిగో. ఇప్పుడు తెల్లగయింది."

మేము ముగ్గురం తెరను చూశాం. నీలంగా ఉంది.

ఆ బామ్మర్ది నోరు తెరవబోతే మా బావ చెయ్యెత్తి ఆపాడు. గల్లా మీంచి లేచి, గోడ దగ్గరికి వెళ్లి, రెండు తాన్లు లాగి తెచ్చి మా ఆయన ముందు పక్కపక్కన పెట్టాడు. ఎప్పుడూ దుకాణమంతా వినబడేలా మాట్లాడే మా బావ, పక్కనున్న నాకే సరిగ్గా వినబడనంత మెల్లగా అడిగాడు.

"తమ్మీ, ఇండ్ల నేవీ బ్లూ ఏది?"

మా ఆయన నవ్వాడు. "గిదేం పరీక్షన్నా? రెండు నలుపే కదా."

ఆయన నవ్వు ముఖం మీద ఇంకా అలాగే ఉంది. అన్న ముఖం చూశాడు, ఆ బామ్మర్ది ముఖం చూశాడు, తరువాత నా వైపు తిరిగాడు.

"ఏందే?"

ఎవరి ఫోనులోనైనా తప్పు చూపించగల నాకు, ఏ తెర మీదైనా నెపం వేయగల నాకు, వేయడానికి అక్కడ ఏమీ దొరకలేదు. ఆ రెండు తాన్లకూ ఆయన కళ్లకూ మధ్య ఏ అద్దమూ లేదు.

"ఒకటి నేవీ బ్లూ" అన్నాను.

ఆయన కిందికి చూశాడు. తాన్లను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. బొటనవేలితో ఒకదాని అంచు, ఇంకోదాని అంచు రాసి చూశాడు, రంగు చేతికి తెలుస్తుందన్నట్టు.

"ఏది?" అని అడిగాడు.

పెళ్లైనప్పటి నుంచి నేను ఆయన్ను రంగులు అడగడమే కానీ ఆయన నన్ను అడగడం లేదు. ఎడమ చేతి వైపున్న తాను మీద వేలు పెట్టాను. ఆయన దాని కొసను గడప వెలుతురు వైపు ఎత్తి చూశాడు.

"కండ్లల్ల పొర అయ్యుంటది తమ్మీ," అన్నాడు మా బావ. "తీస్తరు. మా మామకు గూడ అన్ని పచ్చగనే కనబడుతుండె, తియ్యలేదా? రేపు పొద్దుగాల దవాఖానకు పోదాం. నువ్వేం ఫికర్ చెయ్యకు."

"ఊఁ" అన్నాడు మా ఆయన. లేచాడు. రెండు తాన్లనూ మడత కలిపి, కొసలు లోపలికి తోసి, గోడ దాకా వెళ్లి ఆగిపోయాడు. ఏది ఏ వరుసలో పెట్టాలో తెలియలేదు. ఆ బామ్మర్ది పరుగున వెళ్లి ఆయన చేతిలోంచి తాన్లు అందుకుని సర్దాడు. సరిగ్గానే సర్దాడు.

"నాకు మంచిగయ్యేదాక నువ్వే కూసో," అని వాడి భుజం తట్టి, మా ఆయన లైనింగ్లు కోసే లోపలి గదిలోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. బల్ల మీది కత్తెర తీసుకుని, తీసుకున్నది అక్కడే పెట్టి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"ఇగ వాళ్ల ఫోన్లను ఏమనకే."